కూలీలు: చూడుడు, రవాణా

అరండల్‌పేటలో ఒక జిరాక్సు షాపు,
దాని మీది గది మాది.
నెలకు రెండో ఆదివారం, సాయంత్రం అయిదింటికి.
కింద మిషన్ నడిచినప్పుడల్లా
పైన నేల సన్నగా వణుకుతుంది.
యుద్ధం పుస్తకానికి అదీ మంచిదేలెండి
అన్నారు ఏసుపాదం గారు.

పుస్తకం ఒక్కటే. ఆరువందల నలభై పేజీలు.
తలా ఒకటి కొనే స్తోమత లేక
కింద షాపులోనే ఏడు ముక్కలుగా తీయించి
స్పైరల్ కట్టించాం.
ఎవరి యుద్ధం వాళ్ళు సంచిలో వేసుకుని
ఇంటికి పట్టుకెళ్ళాం.
నా వాటాకు సింగపూర్ లొంగిపోవడం వచ్చింది.
ఖుర్షీద్ టీచరు గారికి రంగూన్ మీద బాంబులు.
ఇంజనీరింగ్ రెండో ఏడు సుధీష్ణకు
మ్యాపులూ ఫుట్‌నోట్లూ.
ఆఖరి ముక్క, అకారాది సూచిక,
ఎవరూ అడగనిది,
ఆలస్యంగా వచ్చిన సింహాద్రమ్మ గారికి మిగిలింది.
పెద్దాసుపత్రిలో నర్సు చేసి రిటైరయ్యారావిడ.
పరవాలేదమ్మా, పేర్లు చదువుకుంటాను అన్నారు.

ఏప్రిల్. యార్డు వైపు నుంచి గాలి తిరిగింది.
పూర్ణానందం మాస్టారు
బజ్జీల పళ్ళేన్ని సిట్టాంగ్ నది చేశారు.
ఉల్లిపాయ ముక్కలు జపాను సేన.
ఇటువైపు నాలుగు బజ్జీలు, అలిసిపోయిన డివిజను.
వంతెన ఒక్క రోజు ఆగి పేల్చి ఉంటేనా,
అని వేలు పైకెత్తి
మిరప ఘాటుకు ఏడు తుమ్ములు తుమ్మారు.
అందరం నవ్వాం.
ఆ సందులో ఏసుపాదం గారు
ఒక బజ్జీ తినేశారు.

నా ముక్కలో ఒక మాటుంది, చదవమంటారా
అన్నారు సింహాద్రమ్మ గారు.
కళ్ళజోడు తుడిచి, రోగి చీటీ చదివినట్టు చదివారు:
కంచరగాడిదలు, 88, 203, 211 నుంచి 214.
కూలీలు, చూడుడు, రవాణా.

సరే, రవాణా చూడండి, అన్నారు మాస్టారు.
చూశానండి.
ఎడ్లబళ్ళున్నాయి. ఏనుగులున్నాయి.
పడవలకు తొమ్మిది పేజీలున్నాయి.

అక్కడితో
నలభై ఏళ్ళ గుంటూరు మాట
ఆవిడ నోట్లోంచి జారిపోయింది.

మా అయ్య రంగూన్ రేవుల బియ్యం బస్తాలు మోసీవోడు.
బాంబులు పడ్డాక ప్రోమ్ దాకా నడిసినాడు,
అక్కణ్ణుంచి కొండ దాటి తాంగుప్.
దార్లో ఒక బిడ్డను బుజానేసుకున్నాడంట.
ఎవుల బిడ్డో తెల్దు.
పడవ కాడ ఎవులకో అప్పగించినాడంట,
ఎవులకో గేపకం నేదు.
సచ్చేదాకా ఆ బుజం మీదే తుండు వేసీవోడు,
రెండో దాని మీద వేసీవోడు కాడు.
మరి దాన్నేటంతారు బాబూ,
అదీ రవాణాయేనా?

కింద మిషన్ ఆగింది. కరెంటు పోయిందేమో.
నేల వణకడం మానేసింది,
మాకెవ్వరికీ ఏం చెయ్యాలో తోచలేదు.
మాస్టారు పళ్ళెంలోని సైన్యాన్ని
మెల్లగా పక్కకు జరిపారు.
ఖుర్షీద్ గారు తన ముక్కలో
బాంబు పడ్డ పేజీ తెరిచి
రేవు అన్న మాట మీద వేలు పెట్టుకు కూర్చున్నారు,
ఆ వేలు కింద ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు.

సుధీష్ణ పెన్సిల్ తీసి
ఆంటీ, ఆయన పేరు చెప్పండి, సూచికలో రాస్తాను అంది.
బోనెల అప్పన్న.
రాసింది. కామా పెట్టింది.
పేజీ నెంబరు ఏం వెయ్యాలి?

మినిట్స్ పుస్తకం రాసేది నేనే.
హాజరు ఏడుగురు అని రాశాను.
చర్చ అన్న చోట
సిట్టాంగ్ వంతెన అని రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే రాశాను.
సిగ్గుగా ఉంది ఆ సంగతి చెప్పడానికి.

తర్వాతి నెల ముక్కలన్నీ బీరువాలో పెట్టాలి.
ఆరొచ్చాయి.
ఇల్లు సర్దుతుంటే ఎక్కడో పడిందండీ అన్నారు సింహాద్రమ్మ గారు,
ఈసారి శుద్ధమైన గుంటూరు మాటలో.
ఎవరం రెట్టించలేదు.
ఇప్పుడు మా దగ్గరున్న యుద్ధంలో
ఎవరినైనా వెతకాలంటే
మొదటి పేజీ నుంచీ నడవాలి.